పదిహేను చీరల వెడల్పు, ఇరవై నాలుగు చీరల పొడవు

ట్రాక్టర్ కొనేముందు పొలాన్ని ఒకసారి చూసుకోవాలని ఎవరిని అడిగినా చెబుతారు. పరమేశ్వర్ తన పొలాన్ని చూసి నాలుగేళ్లు దాటింది. పొలం సిరిసిల్ల పక్కన రామన్నపల్లెలో ఉంది, ఆయన సూరత్‌లో బమ్రోలిలో ఉన్నాడు, మధ్యలో కరోనా ఉంది.

ఇన్నేళ్లూ ఆ పొలాన్ని తమ్ముడు రాజమల్లు చేశాడు. రెండు వేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో, రెండోసారి వచ్చిన జబ్బు ఊళ్లకు ఊళ్లను పడకేసినప్పుడు, రాజమల్లు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఆ తొమ్మిది రోజుల్లోనే ఎడ్ల జత అమ్ముడుపోయింది. పరమేశ్వర్ తమ్ముడి కడసారి చూపు ఫోనులో చూశాడు. నల్లటి సంచిలో చుట్టిన మనిషిని దూరం నుంచి చూపించారు. అది తమ్ముడేనని నమ్మి దండం పెట్టుకున్నాడు. దినవారాలు అయిపోయిన మర్నాడు రాజమల్లు భార్య సారక్క ఫోను చేసి, ఏడవకుండా, ఒకే మాట అడిగింది.

"బావా, ఇంకో నెలకు మిరుగం. పొలం ఎవలు దున్నాలె?"

మృగశిర కార్తెతో దుక్కులు మొదలవుతాయి. పరమేశ్వర్ ఆ పూటంతా ఏమీ తినలేదు. సాయంత్రం దీపం పెట్టి, గోడ మీద శివలింగాన్ని కౌగిలించుకుని ఉన్న మార్కండేయుడి పటం ముందు కాసేపు కూర్చుని లేచి, భార్యతో అన్నాడు. "ఇంటికి పోదాం వజ్రమ్మా. ఇగ మల్ల రావద్దు."

"నిజంగనేనా?" అంది వజ్రమ్మ. అన్నం వడ్డిస్తూ మళ్లీ అడిగింది. గిన్నెలు కడిగి వచ్చి మూడోసారి అడిగింది.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. పెళ్లయిన ఏడాదికే భర్త వెంట సూరత్ వచ్చి ముప్పై ఏళ్లయింది. మొదట ఇరవై రెండేళ్లు ఆయన మరమగ్గాల మీద పనిచేశాడు. మగ్గాల చప్పుడుకు ఒక చెవి పోయాక, సలాబత్‌పురాలో ఒక ఫోల్డింగ్ ఖాతాలో, అంటే చీరలు కోసి మడతపెట్టే కార్ఖానాలో, కోత పనికి కుదిరాడు. పల్సానా మిల్లుల్లో రంగు, అద్దకం అయి వచ్చిన వంద మీటర్ల తాకాను, అంటే తానును, పొడవాటి బల్ల మీద పరిచి, కొలత ప్రకారం చీరలుగా కోయడం ఆయన పని. ఒక్క కూతురు, పెళ్లయి భివండీలో ఉంది. బమ్రోలిలో ఉన్న ఒకే ఒక్క గది వాళ్ల సొంతం. అంతకు ముందు ఏడు మొదటి లాక్‌డౌన్‌లో ఆ గదిలోనే రెండు నెలలు ఎవరో పంచే కిచిడీ కోసం వరసలో నిలబడి బతికారు. "ఊర్లె ఉంటే ఇంటి ముందర బచ్చలాకన్న ఉండు" అని వజ్రమ్మ అప్పుడు రోజూ అనేది.

పోవడమైతే నిశ్చయమైంది. కానీ ఎడ్లు లేవు. ఉన్నా, యాభై ఏడేళ్ల వయసులో మగ్గం మనిషి అరక పట్టలేడు. ట్రాక్టర్ కొనాలి. ఎంతది కొనాలి?

వారానికి రెండుసార్లు పరమేశ్వర్ మాలు తేవడానికి ఖాతా టెంపోలో పల్సానా వెళ్తాడు. మిల్లు గేటు ముందు చాయ్ బండి దగ్గర ఠాకోర్‌భాయి అని ఒక చెరకు రైతు కూర్చుంటాడు. ఇంట్లో మూడు ట్రాక్టర్లు ఉన్న మనిషి. పరమేశ్వర్ ఆయనకు చాయ్ చెప్పి సంగతి అడిగాడు. ఠాకోర్‌భాయి గుజరాతీ కలిసిన హిందీలో మొదట ఎదురు ప్రశ్న వేశాడు.

"పొలానికి కొంటున్నావా భాయి, పెళ్లి ఊరేగింపుకా?"

"పొలానికే."

"అయితే బండి బొమ్మలు చూడకు. ఎంత భూమి?"

పట్టాదారు పాస్‌బుక్కు ప్రకారం రెండెకరాల ముప్పై గుంటలని, అంటే పావు తక్కువ మూడెకరాలని పరమేశ్వర్ చెప్పాడు. ఠాకోర్‌భాయి చెప్పు కొనతో దుమ్ములో ఒక చతురస్రం గీశాడు. "మూడెకరాల లోపు అయితే ఇరవై నాలుగు హార్సుల చిన్న బండి చాలు. చిన్నది వరి మడిలో దిగబడదు, గట్టు దగ్గర చిన్న జాగాలో తిరుగుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది. మూడున్నర దాటితే, పైగా పక్కవాళ్ల పొలాలు కిరాయికి దున్నుతానంటే, నలభై ఐదుది ఆలోచించు. అంతకన్నా ముందు బాట చూసుకో. ట్రాక్టర్ వెడల్పు అంటే దాని వెడల్పు కాదు, వెనక కట్టే రోటవేటర్ వెడల్పు. బాటలో అన్నిటికంటే ఇరుకైన చోట కొలువు. వెడల్పుగా ఉన్నచోట కొలిచి సంతోషపడేవాళ్లు చాలామంది ఉంటారు."

ఆ మాటలు మంచివేనని పరమేశ్వర్‌కు తెలుసు. కానీ ఇంటికి వచ్చేసరికి వరసలో నాలుగో గదిలో ఉండే దశరథం అరుగు మీదే ఉన్నాడు. మగ్గాలు బాగుచేసే జాబరు. పెళ్లికి ఎదిగిన కొడుకు కోసం ఇంకో గది వెతుకుతున్నాడు. పరమేశ్వర్ ఆయనకు సంగతి చెప్పాడు.

"ఇరవై నాలుగు హార్సులా? అన్నా, దాన్ని ట్రాక్టరంటరా? ముప్పై ఏండ్లు సూరత్‌ల కమాయించి ఆటబొమ్మ తెచ్చిండని ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్యి. దున్నుతది గదా."

"నీ పొలం దున్నుతది. కిరాయికి ఎవడు పిలుస్తడు? పెద్దది కొను, ఊరంత నీ ఇంటి ముందర లైన్ కడ్తరు."

"అంత పైసలు లెవ్వు దశరథం."

"గదున్నది గదా," అన్నాడు దశరథం.

ఆ మాట పరమేశ్వర్ లోపలికి దిగింది. చేతిలో ఉన్నదానితో చిన్న బండి వస్తుంది, గది మిగులుతుంది. పెద్దది కావాలంటే గది పోతుంది. ఊళ్లో ఏదైనా తేడా వస్తే తిరిగి రావడానికి తలుపు ఉండదు. ఎటూ తేల్చుకోలేక ఆయన తమ్ముడి బిడ్డ నవతకు ఫోను చేశాడు. నవత డిగ్రీ చదువుతోంది. కాలేజీ మూసేస్తే ఇంట్లోనే ఉంటోంది.

"బిడ్డా, పొలం బాట ఎంత వెడల్పుంటది?"

"మన పొలం దిక్కు ఇప్పటిదాక ట్రాక్టరు రాలే పెద్దబాపు. బాపు ఎడ్లతోనే దున్నేటోడు. రఘుపతి పటేలు రెండేండ్ల కింద బాట పొంటి రాతి కడీలు పాతిండు. ఇంకో దిక్కు కాలువ."

"కొలిసి చెప్పు. టేపు పెట్టి."

"టేపు యాడున్నది? మేస్త్రీకి కరోనా వచ్చి ఇంట్ల పడ్డడు. సిరిసిల్లకు పోదామంటే పొద్దుగాల పదింటికే దుకాణాలు బందు."

అప్పుడు పరమేశ్వర్‌కు ఒక ఆలోచన వచ్చింది. బట్టతోనే బతుకు గడిచిన మనిషికి తప్ప ఇంకొకరికి రాని ఆలోచన. "నేను పోయిన దసరాకు పంపిన చీరలు ఉన్నయా?"

"నాది కట్టుకున్న. అమ్మది అట్లనే ఉన్నది, కవరు గూడ ఇప్పలే."

"ఇగ ఏంది మరి! ఆరు మీటర్ల ముప్పై టేపు ఇంట్ల పెట్టుకోని టేపు లేదంటవేంది? అట్ట మీద చూడు, ఏం రాసి ఉన్నది?"

నవత చూసి చదివింది. ఆరు ముప్పై అనే ఉంది. సారక్క పక్కనుంచి ఫోను తీసుకుంది. "గా ఎర్రంచు చీర నేనిగ ఎట్ల కట్టుకుంట బావా. కొలువుండ్రి. ఏదో ఒకదానికన్న అక్కరకొస్తది."

మర్నాడు పొద్దున్నే తల్లీబిడ్డలు చీర పట్టుకుని పొలానికి పోయారు. ఒక కొంగు సారక్క చేతిలో, ఇంకో కొంగు నవత చేతిలో. గట్టు పొడవునా బిగించి పట్టడం, ముందు కొంగు దగ్గర పసుపు పూసిన రాయి పెట్టడం, వెనక మనిషి ఆ రాయి దగ్గరికి రావడం. ఫోను నవత భుజానికీ చెవికీ మధ్య ఉంది. సూరత్‌లో పరమేశ్వర్ మంచం అంచున కూర్చుని, ఒక తాకా చీటీ వెనక గీతలు పెడుతున్నాడు.

"ఎనిమిది... అమ్మా గుంజకు, చినుగుతది... తొమ్మిది..."

"చినగదు బిడ్డా, గట్టిగ గుంజుండ్రి. పాలిస్టరు," అన్నాడు పరమేశ్వర్.

"మీ తమ్ముడు బతికున్నప్పుడు ఒక్కనాడు ఇట్ల పొలమంత తిప్పి చూపియ్యలే," అని సారక్క వెనకనుంచి అనడం వినిపించింది. అంకెలు నడిచాయి.

వెడల్పు పదిహేను చీరలు. పొడవు ఇరవై నాలుగు చీరలు.

తరువాత బాట. కడీలకూ కాలువ గట్టుకూ మధ్య అన్నిటికంటే ఇరుకైన చోట చీరను మూడు మడతలు వేసి పట్టమన్నాడు. మడత సరిగ్గా, కుట్టినట్టు సరిపోయిందని నవత చెప్పింది. ఆరు ముప్పైలో మూడో వంతు రెండు మీటర్ల పది. అంటే ఆరడుగుల పది అంగుళాలు. పెద్ద ట్రాక్టర్ వెనక కట్టే రోటవేటర్ మొత్తం ఆరున్నర అడుగులు. రెండు వైపులా రెండేసి అంగుళాలు మిగులుతాయి. జాగ్రత్తగా పోతే పోతుంది.

పొలం లెక్క ఫోనులో గుణించి చూస్తే పరమేశ్వర్ నమ్మలేకపోయాడు. మళ్లీ గుణించాడు. మూడెకరాల ఇరవై ఒక్క గుంట. పాస్‌బుక్కులో ఉన్నదానికంటే ముప్పై ఒక్క గుంటలు ఎక్కువ.

"ఎట్లయింది?" అంది వజ్రమ్మ.

"మా తాత కాలంల కొలిసిన గొలుసు తప్పుండొచ్చు. అప్పటి పట్వారీలు గట్ల మీద కూసోని రాసేటోళ్లు."

"పక్కోళ్ల గట్టు ఇటు జరిగిందేమో చూడు. తమ్ముడు తెల్వక జరిపిండేమో. ఒకల భూమి మనకెందుకయ్యా, పాపం."

"రాజమల్లు గసొంటోడు కాదు." ఆయనకు కోపం వచ్చింది. "ఇచ్చేటోడు ఇచ్చిండు. తమ్మున్ని తీస్కపోయిండు, గింత నేలన్న చూపించిండు. నువ్వు దాన్లగూడ పాపం ఎతుకుతవు."

పరమేశ్వర్ స్నానం చేసి వచ్చి, కొబ్బరికాయ కొట్టాడు. దేవుడు ఇచ్చినప్పుడు లెక్క అడగడం తప్పని ఆయన ఎప్పుడూ అనుకునేవాడు. తీసుకున్నప్పుడు మాత్రం ఎందుకు తీసుకున్నావని అడిగాడు, తమ్ముడి విషయంలో పది రోజులు అడుగుతూనే ఉన్నాడు. ఇచ్చినప్పుడు ఎందుకిచ్చావని అడగకపోవడం ఏం న్యాయమని ఒక్క క్షణం అనిపించింది. హారతి కళ్లకద్దుకునేసరికి ఆ ఆలోచన పోయింది.

మూడున్నర దాటింది కాబట్టి, ఠాకోర్‌భాయి లెక్కలో కూడా పెద్దదే. ఇక తడబడలేదు. గది దశరథానికి రాసిచ్చి, జూన్ పదో తారీకు దాకా ఉండనిస్తానని మాట తీసుకున్నాడు. కరీంనగర్‌లో పాత ట్రాక్టర్లు అమ్మే ఒక యార్డులో నలభై ఐదు హార్సుల బండి, దానికి సరిపడే రోటవేటర్, నవత వెళ్లి ఫోనులో చూపిస్తే ఖాయం చేశాడు. సలాబత్‌పురా ఖాతాలో పని మానేస్తున్నానని చెబితే సేఠ్ ఒక మిఠాయి డబ్బా చేతికిచ్చి, "జా భాయి, కిసాన్ బన్ జా" అని, పోయి రైతువు కమ్మన్నాడు. వజ్రమ్మ సామాను మూటలు కట్టడం మొదలుపెట్టింది. వరసలో ఆడవాళ్లకు తన మిక్సీ, ప్లాస్టిక్ డ్రమ్ము, కుర్చీలు పంచేసింది. ఊళ్లో ఇంటి ముందు ఏమేమి విత్తనాలు వేయాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తిరిగింది. ముప్పై ఏళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వడం పరమేశ్వర్ వినలేదు. మంచి చెవి ఆమె వైపు తిప్పుకుని కూర్చునేవాడు.

జూన్ ఐదో తారీకు పొద్దున ట్రాక్టర్ రామన్నపల్లెకు చేరింది. నవత వీడియో కాల్ చేసింది. గదిలో మూటల మధ్య పరమేశ్వర్, వజ్రమ్మ, చూద్దామని వచ్చిన దశరథం, ముగ్గురూ ఒక ఫోను మీద వంగారు. ఎర్రటి బండి. బానెట్ మీద పసుపు, కుంకుమ. చక్రాల కింద నిమ్మకాయలు. సారక్క దూరంగా తలుపు చాటున నిలబడింది, ముందుకు రాలేదు.

"సూడన్నా, ఏనుగు లెక్కున్నది!" అన్నాడు దశరథం.

యార్డు నుంచి బండిని తోలుకొచ్చిన డ్రైవర్ పేరు బిక్షపతి. ఆయనే మొదటి చాలు వేసి ఇస్తానన్నాడు. బండి ఊరు దాటింది, కాలువ గట్టు ఎక్కింది, కడీల దగ్గరికి వచ్చింది. ఆగింది. కొంచెం వెనక్కి పోయి మళ్లీ ముందుకు వచ్చింది. మళ్లీ ఆగింది. బిక్షపతి దిగి, ముందుకు నడిచి, తల గోక్కుంటూ వచ్చి ఫోను తీసుకున్నాడు.

"కాకా, బండి ఇట్లకెల్లి పోదు."

"పోతది. మెల్లగ పోనియ్యి. రెండు అంగుళాలు సందుంటది చూడు."

"సందేంది కాకా? రోటవేటర్ పొయ్యి కడీకి తాకుతున్నది. ఇంకో దిక్కు చక్రం కాలువల పడతది."

"రోటవేటర్ ఇప్పి పోనియ్యి మరి."

"ఇప్పినా టైరు గట్టు అంచు మీదికే వస్తది. గా మట్టి ఆగుతదా? బోర్ల పడితే నా పానం పోతది."

"నువ్వు సక్కగ తోలుతలెవ్వు. బాట ఆరడుగుల పది ఉన్నది. నేను కొలిపిచ్చిన."

బిక్షపతి మంచివాడే. వాదించలేదు. సీటు కింది డబ్బాలోంచి ఇనుప టేపు తీసి, ఒక కొస నవతకిచ్చి, కడీ నుంచి గట్టు అంచు దాకా పట్టి చూపించాడు. ఆరడుగుల ఒకటిన్నర అంగుళం.

"నీ టేపు తప్పు," అన్నాడు పరమేశ్వర్.

"టేపు తప్పుంటదా కాకా? మీరు దేంతోని కొలిసిండ్రు?"

నవత తలవంచుకుని చెప్పింది. ఎవరో నవ్వడం వినిపించింది. బిక్షపతి నవ్వలేదు. ఆ చీర తెప్పించాడు. కడీ నుంచి కడీకి చీరను పరిచి దాని మీద టేపు పెట్టాడు. టేపు చివర చీర చివరను దాటి చాలా ముందుకు పోయింది. ఆయన వేలితో చీర అంచు ఉన్న అంకెను నొక్కి పట్టి, ఫోనును దాని మీదికి తెమ్మన్నాడు.

"ఐదు అరవై ఉన్నది కాకా. అట్ట మీద ఆరు ముప్పై రాసిండ్రు. మోసం చేసిండ్రు దొంగనాకొడుకులు."

దశరథం నవ్వబోయి ఆగాడు. ఫోను మీంచి తలెత్తి పరమేశ్వర్ ముఖంలోకి చూశాడు. "అన్నా," అన్నాడు నెమ్మదిగా, "ఇది మీ ఖాతా మాలే గదా?"

పరమేశ్వర్‌కు బల్ల కనిపించింది. దాని కొసన తాకా అంచును తగిలించే ఇత్తడి కొక్కెం కనిపించింది. మొదటి లాక్‌డౌన్ తర్వాత ఖాతా మళ్లీ తెరిచిన రోజు, సేఠ్ స్వయంగా ఆ కొక్కేన్ని ఊడదీసి మూరన్నర ముందుకు జరిపి బిగించాడు. బల్ల చుట్టూ నలుగురు కోతగాళ్లు ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలలు పని లేకుండా ఉన్నవాళ్లు ఏం మాట్లాడతారు? తాకాకు ఒకటి రెండు చీరలు ఎక్కువ వస్తాయని వాళ్లకు అర్థమైంది, ఆ చీరలు ఎటో బీహార్‌కో, ఒరిస్సాకో పోతాయని అనుకున్నారు. మొదటి వారం చేయి ఆగింది. తర్వాత ఆగలేదు. రోజుకు రెండు వందల చీరలు కోసే చేతికి ఆ కొలతే అలవాటైంది. దసరాకు ఇంటికి పంపడానికి కుప్పలోంచి రెండు చీరలు ఆయనే ఎంచి తీశాడు. అంచులు బాగున్నాయా, అద్దకం ఎక్కడైనా చెదిరిందా అని మాత్రం చూశాడు. పొడవు చూడలేదు. కొలతకు చీర తెమ్మని నవతకు చెప్పినప్పుడు కూడా అట్ట మీద ఏముందో చదవమన్నాడు.

ముప్పై ఒక్క గుంటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది.

అటువైపు నవత చీరను మడతపెట్టసాగింది. "పెద్దబాపు, ఆ పొద్దు పొలమంత తిప్పినం గదా, ఎండకు కుంచించుకపోయిందో ఏమో."

"అయ్యుంటది బిడ్డా," అన్నాడు పరమేశ్వర్.

వజ్రమ్మ ఒక మూట మీద కూర్చుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన రఘుపతి పటేలుకు ఫోను చేశాడు. కడీలు ఒక్క అడుగు వెనక్కి జరపమని, ఆ ఖర్చు తానే పెట్టుకుంటానని చాలా మర్యాదగా అడిగాడు. రఘుపతి కూడా మర్యాదగానే చెప్పాడు.

"పరమేశ్వర్, నీ తమ్మున్ని అడిగే పాతిన. అన్నను అడిగి చెప్త అన్నడు. వారం ఆగిన. సూరత్ నుంచి ఒక్క మాట రాలే. ఇయ్యాల నీకు పెద్ద బండి వచ్చిందని నా కడీలు పీకాల్నా?"

రాజమల్లు అడగలేదని పరమేశ్వర్ అనబోయాడు. అడిగాడేమో. ఆ రోజుల్లో తమ్ముడు ఫోను చేస్తే ఖాతా గోలలో, ఒంటి చెవితో విని "మంచిది, చూద్దాం" అనేవాడు. ఏ ఫోనులో ఏది అడిగాడో ఇప్పుడు ఎవరు చెబుతారు?

మిరుగం వచ్చింది. వాన కూడా మాట తప్పకుండా వచ్చింది. ట్రాక్టర్ సారక్క ఇంటి ముందు తడిసింది. ఊరివాళ్లు వచ్చి చూసి, చక్రాలు తట్టి పోయారు. కిరాయికి ఒకళ్లిద్దరు పిలిచారు గాని తోలడానికి మనిషి లేడు. పదో తారీకు టికెట్టును పరమేశ్వర్ రద్దు చేశాడు. పొలం దున్నకుండా, దున్నే దారి లేకుండా అక్కడికి పోయి సారక్క ముందు ఎట్లా నిలబడాలో ఆయనకు తెలియలేదు. యార్డువాళ్లు సగం ధరకే బండిని తిరిగి తీసుకున్నారు. వాళ్లిచ్చినదానితో చిన్న ట్రాక్టర్ రాదు, బమ్రోలిలో గదీ రాదు. అదును దాటిపోతుంటే, రఘుపతే మనిషిని పంపి, ఈ ఏటికి పొలం కౌలుకు ఇస్తారా అని సారక్కను అడిగించాడు. ఆయనకు ఇరవై నాలుగు హార్సుల బండి ఉంది. అది ఆ బాటలో హాయిగా పోతుంది. సారక్క బావను అడగలేదు. ఇచ్చానని మాత్రం చెప్పింది.

"ఏం చేయాలె బావా. బీడు పడావు పెడితే నలుగురు ఉమ్ముతరు. మీరు రావాల్నంటే రాండ్రి, ఇల్లున్నది. పొలం మాత్రం ఏడాదికని అడిగి మూడేండ్లకు రాయిచ్చుకున్నడు."

ఇల్లుంది. పొలం లేకుండా ఆ ఇంట్లో ఏం చేయాలి? తమ్ముడి పెళ్లాం కూలికి పోతే ఆ కూటిలో పాలు పంచుకోవాలా? పరమేశ్వర్ దశరథం దగ్గరికి పోయి, కొడుకు పెళ్లి అయ్యేదాకా ఆ గదిలోనే కిరాయికి ఉండనివ్వమని అడిగాడు. "ఉండన్నా, నీ ఇల్లే అనుకో" అన్నాడు దశరథం. ఆ మాట ఆయన మంచికే అన్నాడు.

ఖాతాకు పోతే సేఠ్ ఆశ్చర్యపోలేదు. ఆ ఏడు తిరిగి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పరమేశ్వర్ ఒక్కటి అడిగాడు. "సేఠ్, కోత వద్దు. మడత పని ఇవ్వండి. జీతం తక్కువైనా ఫరవాలేదు."

"ఎందుకు?"

పరమేశ్వర్ బల్ల మీది కొక్కెం వైపు చూశాడు. సేఠ్‌కు అర్థమైనట్టుంది. ఆయనా పొద్దున్నే గుడికి పోయి బొట్టు పెట్టుకుని వచ్చే మనిషే. "పరమేశ్వర్‌భాయి, నువ్వు మడతపెట్టే చీర ఎవరో ఒకరు కోసిందే కదా," అన్నాడు హిందీలో, ఓపికగా. "నీ చేయి మంచిది. పో, బల్ల దగ్గరికి పో."

ఆ సాయంత్రం పరమేశ్వర్ ఇంటికి వచ్చేసరికి వజ్రమ్మ మూటలు విప్పుతోంది. పంచేసిన సామానులో మిక్సీ మాత్రం పక్కింటి ఐలమ్మ తిరిగి తెచ్చి ఇచ్చిందట. వజ్రమ్మ గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి అలమారలో పెడుతూ, వెనక్కి తిరగకుండా అడిగింది.

"ఇప్పుడెంత కోస్తున్నరు?"

"ఏంది?"

"చీర. ఎంత పొడుగు?"

పరమేశ్వర్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "ఐదు యాభై," అన్నాడు.

"మల్ల తగ్గిచ్చిండన్నట్టు సేఠ్."

"నీకెట్ల తెలుసు?"

"ఎండకు కుంచించుకపోనీకె పాలిస్టరు ఏమన్న అప్పడమా? నవత చిన్నపిల్ల, ఏదో అన్నది. నువ్వు అవునన్నవు." ఆమె ఇంకో గిన్నె తీసుకుంది. "పోయిన దసరాకు నాకు తెచ్చిన చీర ఉన్నది గదా. కట్టుకుంటే నాలుగు కుచ్చిళ్లే పడ్డయి. ఐదోది ఎంత గుంజినా రాలే. ఐలమ్మకు అంతే, సందుల అందరికి అంతే. నల్లా కాడ ఆడోళ్లం నవ్వుకుంటిమి, మన మొగోళ్ల ఖాతాల చీరలు గిట్లున్నయేందని."

"మరి చెప్పొచ్చు గదా వజ్రమ్మా. పొలం కొలిసిన్నాడన్న చెప్పొచ్చు గదా."

"కొలిసిన్నాడు నాకు మతికి రాలే. వస్తే చెప్పకపోదునా? నాకే ఎక్కువ లేకుండెనా పోవాల్నని?" ఆమె తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. "దసరాకెందుకు చెప్పలేదంటవా. తెచ్చినోడివి నువ్వు. కోసినోడివి నువ్వు. నీకు తెల్వనిదేదో నాకు తెలిసినట్టు ఏమని చెప్పాలె?"

పరమేశ్వర్ మంచం మీద కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, కాళ్లు కడుక్కుని, అలవాటుగా దీపం వెలిగించాడు. పటం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. అడగడానికి ఏమీ లేదు. అంతకు ముందు రోజు దాకా, నాకే ఎందుకిట్లా చేశావని రోజూ అడుగుతున్నాడు. ఇప్పుడు ఆ ప్రశ్నలో ఒక్క మాట కూడా దేవుడికి తగిలేట్టు లేదు.

"అన్నం పెట్టనా?" అంది వజ్రమ్మ.

"పెట్టు."

ఇద్దరూ తిన్నారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆయన సలాబత్‌పురా వెళ్లాడు. పల్సానా నుంచి కొత్త మాలు దిగింది, ఆకుపచ్చ మీద తెల్ల పూలు. తాకా అంచును కొక్కేనికి తగిలించి, బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో నిమిరి, కత్తెర పెట్టాడు. సాయంత్రానికి రెండు వందల పది చీరలు కోశాడు.